పిలకాయలకు పొలం ఆటలు: అమ్మానాన్నలు పదే పదే అడిగే ప్రశ్నలు

తిరుపతిలో చిన్న ప్లేస్కూల్లో 12 ఏళ్ళుగా పిలకాయలతో ఉన్నాను, పుట్టి పెరిగింది మాత్రం పలమనేరు పక్కన పల్లెలో, నాయన చెనిక్కాయలు (వేరుశనగ), రాగులు, ఒక మూల టమాటా పెట్టేవాడు. ప్రతి జూన్‌లో మేం ఫార్మ్ థీమ్ (పొలం పనులతో ఆటలు, పాఠాలు) మొదలుపెట్టగానే గేటు దగ్గర అమ్మలు, ఫోన్లో నాన్నలు, బిడ్డని తీసుకుపోను వచ్చే తాతలు అందరూ ఇంచుమించు ఇవే అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక గొంతు పోతా ఉంది, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా.

ఫార్మ్ థీమ్ అంటే ఆవు బొమ్మకి రంగులేయడమేనా మేడమ్?

రంగులేయడం కూడా ఉంది గానీ అది వాన పడి బయటికి పోలేని రోజుకి దాచిపెట్టుకునే పని. మార్కెట్లో దొరికే చార్టులు చూశారా, ఎర్రటి చెక్క కొట్టం, టర్కీ కోడి, గులాబీ రంగు పంది, పచ్చటి ట్రాక్టర్, పక్కన టోపీ పెట్టుకున్న తెల్లాయన. చంద్రగిరి దాటితే అట్లాంటిది ఒక్కటి కూడా కనపడదు. మన బిడ్డ బస్సులో కిటికీ పక్కన కూర్చొని పోతా ఉంటే కనపడేది మామిడితోపు, చెరకు తోట, పెంకుల వసారాలో కట్టేసిన ఎనుము (గేదె), గెనిమ (పొలం గట్టు) మీద నడిచే కొంగ. ఆ చార్టు చూసి ఫార్మ్ అంటే ఇంకెక్కడో ఉంటుంది అనుకుంటాడు, కిటికీలోంచి కనపడేది మాత్రం వాడికి ఫార్మ్ కాదు! నాకు ఈ థీమ్ మీద ఉన్న కోపమంతా అదే. అందుకే మా దగ్గర చార్టు లేదు, చాట ఉంది, జల్లెడ ఉంది, రెండు గంపలు ఉన్నాయి.

ఏ వయసు నుంచి చేయించొచ్చు?

రెండున్నరేళ్ళ నుంచి ఆరు వరకు, కాకపోతే అందరికీ ఒకటే పని కాదు. చిన్నోళ్ళకి పొయ్యడం, ఒంపడం, తడపడం, పీకడం, ఇవే పెద్ద చదువు. గిన్నెలోంచి గిన్నెలోకి అలసందలు అరగంట పోస్తా కూర్చుంటారు, మనకి బోరు కొడుతుంది గానీ వాళ్ళకి కొట్టదు, మధ్యలో పోయి "ఎన్ని ఉన్నాయి చెప్పు" అని చెడగొట్టద్దు. నాలుగేళ్ళోళ్ళు వేరు చేస్తారు, వరుసలో నాటుతారు, నిన్నటికీ ఈరోజుకీ తేడా చూస్తారు. ఐదు దాటినాక మొక్క బొమ్మ గీయించి కింద తేదీ రాయించొచ్చు, చాటతో చెరగడం కూడా చూపించొచ్చు. చెరగడం రాకపోతే తిట్టకండి, నాకే మా అవ్వ దగ్గర నేర్చుకోను రెండు సంక్రాంతులు పట్టింది.

మాది మూడో అంతస్తు ఫ్లాట్, పొలం కాదు కదా పూలకుండీ కూడా లేదు. ఎట్లా?

వంటింట్లో మొదలుపెట్టండి. రాగులు, అలసందలు కలిపి ఒక గిన్నెలో పోసి జల్లెడ ఇవ్వండి, రాగులన్నీ జారి కింద పడి అలసందలు పైన నిలిచిపోతాయి, మూడేళ్ళ బిడ్డకి అంతకంటే పెద్ద మ్యాజిక్ లేదు. ఇంకోరోజు ఉలవలు, పెసలు, కందులు, అలసందలు కలిపేసి మూడు నాలుగు గిన్నెల్లోకి ఏరించండి. ఉలవ ఏది పెసర ఏది అని తెలియని డిగ్రీ పిలకాయలు మా బంధువుల్లోనే ఉన్నారు.

రైతుబజారు అయితే బంగారం. బిడ్డ చేతికి 20 రూపాయలిచ్చి ఒక కూరాకు కట్ట వాడినే కొనమనండి, ఆ అవ్వతో వాడే మాట్లాడాలి, మీరు వెనక నిలబడండి చాలు. ఇంటికొచ్చినాక సంచి కింద ఒంపి ఏది వేరు, ఏది కాండం, ఏది ఆకు, ఏది పువ్వు, ఏది కాయ అని వేరు చేసే ఆట ఆడండి. ముల్లంగి, క్యారెట్ వేరు, పాలకూర ఆకు, కాలీఫ్లవర్ పువ్వు, బెండ కాయ. ఉర్లగడ్డ (బంగాళాదుంప) దగ్గర పెద్దోళ్ళంతా తప్పు చెప్తారు, అది వేరు కాదు, భూమిలో ఊరిన కాండం, దాని మీద ఉండే కళ్ళల్లోంచే మొలక వస్తుంది. ఒక ఉర్లగడ్డని వారం పది రోజులు చీకటి అరలో మర్చిపోయినట్టు పెట్టండి, అదే చూపిస్తుంది. మొలకెత్తినదాన్ని మాత్రం కూరకి వాడద్దు.

ఏ విత్తనంతో మొదలుపెట్టాలి?

బిడ్డ ఓపిక మూడు రోజులు, దాన్ని బట్టే విత్తనం చూసుకోవాలి. పెసలు తడిగుడ్డలో కట్టి పెడితే మర్నాటికో ఆ మర్నాటికో తెల్లటి తోక బయటికొస్తుంది. మెంతులు, ఆవాలు మట్టిలో మూడు నాలుగు రోజులు, అలసందలు నాలుగైదు రోజులు. మెంతాకు అయితే 25 రోజుల్లోపే గిల్లి పప్పులో వేసుకోవచ్చు, తోటకూర నెల. తను పెంచిన ఆకు తన కంచంలోకి వచ్చిన రోజు, అప్పటిదాకా ఆకుకూర ముట్టని బిడ్డ కూడా తింటాడు, తినకపోయినా వాసన చూసి పెడతాడు.

అందరూ ధనియాలతో మొదలుపెట్టి దెబ్బ తింటారు. ధనియాలు మొలవడానికి పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు, పైగా గింజని అరిచేత్తో నలిపి రెండు బద్దలు చేసి వేస్తేనే బాగా వస్తుంది. ఇంకోటి, ఎరువుల అంగట్లో అమ్మే విత్తనాలు పిలకాయల చేతికి ఇవ్వద్దు. వాటికి తెగుళ్ళు రాకుండా మందు పట్టించి గులాబీ రంగో ఎరుపో పచ్చో పూసి ఉంటారు, చూడను ముద్దుగా మిఠాయి లాగా ఉంటుంది, అదే భయం. వంటింటి గింజలే చాలు. అట్లాగే ఖాళీ మందు డబ్బాలు కడిగేసి కుండీలు చేస్తారు కొంతమంది, ఎంత కడిగినా వద్దు.

మొలక రాలేదు, మా పాప ఏడుస్తా ఉంది, రాత్రికి రాత్రి నేనే ఒక మొక్క తెచ్చి పెట్టేయనా?

వద్దమ్మా. మట్టి తవ్వి ఆ గింజ ఏమైందో పాపతో కలిసి చూడండి, కుళ్ళిందా, చీమలు తీసుకుపోయినాయా, ఉబ్బి ఆగిపోయిందా. నూటికి తొంభై సార్లు నీళ్ళు ఎక్కువై కుళ్ళి ఉంటుంది, ఎందుకంటే ప్రతి బిడ్డా చెంబుడు నీళ్ళు పోసి ఇంకో చెంబు తెస్తాడు. అడుగున చిల్లి పెట్టి మళ్ళీ వేయండి. ఒకే గింజ ఎప్పుడూ వేయద్దు, ఐదారు వేస్తే రెండన్నా వస్తాయి, రైతు కూడా అట్లే చేస్తాడు.

వర్క్‌షీట్లు ఇస్తారా?

ఇవ్వం.

చెనిక్కాయలతో ఏం చేయిస్తారు? మా వాడు అదే చెప్తా ఉన్నాడు ఇంట్లో.

ఇది నాకు ఇష్టమైన పాఠం కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తా. చిత్తూరు పక్క మెట్ట నేలంతా వానాకాలం చెనిక్కాయే, పుస్తకాల్లో వేరుశనగ అని ఉంటుంది. "చెనిక్కాయ యాడ కాస్తుంది" అని అడిగితే సగం మంది పిలకాయలు చెట్టు మీద అంటారు, ఇంకో సగం సూపర్ మార్కెట్లో అంటారు, తెలిసినోళ్ళు వేరుకి కాస్తుంది అంటారు. ముగ్గురూ తప్పే. పసుపు పువ్వు మాత్రం ఆకుల మధ్య నేల పైనే పూస్తుంది, పువ్వు వాడిపోయినాక దాని అడుగునుంచి సూది లాంటి ఊడ ఒకటి కిందికి దిగి మట్టిలో దూరుతుంది, ఆ ఊడ కొసన చీకట్లో కాయ ఊరుతుంది. పైన పూసి కింద కాసే పంట!

జూన్‌లో వెడల్పాటి పాత బకెట్‌కి అడుగున చిల్లులు పెట్టి, ఎర్రమట్టి, ఇసుక, కొంచెం పశువుల ఎరువు కలిపి నింపి, వేపని పచ్చి గింజలు నాలుగు, ఒక వేలి కణుపు లోతున వేస్తాం. వారంలో మొలక, నెల దాటేసరికి పువ్వు. ఊడలు దిగే టైంలో మట్టి గుల్లగా ఉండాలి, లేకపోతే లోపలికి పోలేవు, అందుకే ఆ వారం పిలకాయలే చిన్న గరిటెలతో మట్టి కదిలిస్తారు. పనిలో పాడుకోను నేనే నాలుగు ముక్కలు అల్లినా, పెద్ద కవిత్వం ఏమీ కాదు:

విత్తు విత్తు గింజమ్మా
వాన వస్తే లేవమ్మా
పువ్వు పైన పెట్టమ్మా
కాయ కింద దాచమ్మా

"లేవమ్మా" దగ్గర అందరూ లేచి నిలబడాలి, "దాచమ్మా" దగ్గర నేల మీద ముడుచుకోవాలి. 100 నుంచి 120 రోజులకి పీకుడు. జూన్‌లో వేస్తే దసరా సెలవులకి అటూ ఇటూగా వస్తుంది. మొక్కని పట్టి లాగితే వేళ్ళాడతా కాయలు బయటికొచ్చినప్పుడు వాళ్ళు పెట్టే అరుపు మీరొచ్చి వినాల్సిందే. పోయినేడు ఒక బకెట్‌కి 31 కాయలు, లెక్క వాళ్ళదే, ఐదు పోగులు చేసి మిగిలినొక్కటి బడిలో తోటపని చేసే తాతకి ఇచ్చారు.

చెనిక్కాయ గొంతులో ఇరుక్కుంటుందని భయం మేడమ్.

భయపడాల్సిందే. ఐదేళ్ళలోపు పిలకాయలకి పలుకు పలుకుగా తిననివ్వద్దు, వేపి, మెత్తగా దంచి బెల్లం కలిపి ఇవ్వండి. తింటా ఉంటే పరిగెత్తనివ్వద్దు, నవ్వించద్దు. కొంతమందికి చెనిక్కాయ పడదు, ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాయడం, వాంతులు, ఆయాసం కనపడితే ఇంట్లో మందు వెతుక్కుంటా కూర్చోకుండా ఆసుపత్రికి పోండి. ఇంట్లో ఎవరికన్నా అట్లా ఉంటే మాకు ముందే చెప్పండి, ఆ బ్యాచ్‌లో అలసందల బకెట్ పెట్టుకుంటాం.

గింజలు ఏరేటప్పుడు ముక్కులో పెట్టుకోవడం ఇంకో తంటా. పెట్టుకుంటే వేలు పెట్టద్దు, పిన్నీసు పెట్టద్దు, తడికి గింజ లోపల ఉబ్బుతుంది, నేరుగా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికే.

ఈ మాట కూడా ఈడే చెప్పేస్తా: గురివింద గింజలు, ఆముదం గింజలు, అడవి ఆముదం, గన్నేరు కాయ, ఉమ్మెత్త కాయ, ఇవి బడిలోకి రాకూడదు. వినాయక చవితికి మట్టి బొమ్మకి గురివిందలు కళ్ళుగా పెట్టడం మనకి అలవాటు, చూడను బాగుంటాయి గానీ నమిలితే విషం. మిరియాలు పెట్టండి చాలు.

అవ్వాతాతలు బడికొచ్చి ఏమన్నా చేయించొచ్చా?

రమ్మనే కదా నేను నెత్తీనోరూ కొట్టుకునేది! డిసెంబరు, జనవరిలో అనపకాయలు (చిక్కుడు జాతి కాయలు) వచ్చినప్పుడు నలుగురు అవ్వల్ని పిలుస్తాం, పితికిపప్పు పండగ అని పేరు పెట్టుకున్నాం. కాయలు ఒలిచి గింజలు రాత్రి నానేసి, పొద్దున ఒక్కో గింజనీ రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు టప్పున ఎగిరి అవతల పడుతుంది. బలపం పట్టుకోను వేళ్ళకి బలం రావాలని బంకమట్టి, ప్లాస్టిక్ క్లిప్పులు కొంటారు, ఒక కిలో అనపకాయలు ఇచ్చే ఎక్సర్‌సైజు అవేవీ ఇవ్వలేవు. గంటసేపు ఒక్కరు కూడా లేవరు. అవ్వలు కథలు చెప్తా ఉంటారు, చేతులకి ఆ అనప సొన వాసన సాయంత్రం దాకా పోదు, ఆ మధ్యాహ్నం రాగి సంగటిలోకి పితికిపప్పు కూర.

ఒక జాగ్రత్త, కాయ పేరు చూసుకోండి. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఒకమ్మకి "రేపు అనపకాయలు పంపండి" అని మెసేజ్ పెడితే పాపం పొద్దున్నే ఇంత పొడుగు సొరకాయ పంపింది, వాళ్ళ పక్క ఆనపకాయ అంటే సొరకాయేనంట. దాన్ని పితకడం మా వల్ల కాలేదు.

పేర్లు తెలుగులో చెప్పాలా ఇంగ్లీషులోనా? ఎల్‌కేజీ ఇంటర్వ్యూలో కౌ, బఫెలో అనే అడుగుతారు కదా.

రెండూ వస్తాయి, కంగారొద్దు. కౌ నేర్పను ఒక్క పూట చాలు. పెయ్యదూడ, కోడెదూడ, కుడితి, గాడిపాడు, గెనిమ, కయ్య, పాది, నారు, నాటు, చెరగడం, తూర్పారబట్టడం, ఈ మాటలు ఇప్పుడు చెవిన పడకపోతే తర్వాత ఇంక ఎవరూ చెప్పరు. పుస్తకంలో గేదె, టీవీలో బర్రె, మా అవ్వ నోట్లో ఎనుము, మూడూ ఒకటే అని చెప్తే పిలకాయలు పడీ పడీ నవ్వుతారు. మన పక్క కొన్ని ఇళ్ళల్లో అరవం కూడా మాట్లాడతారు, వాళ్ళని "మీ ఇంట్లో ఏమంటారు" అని అడిగితే "ఎరుమ మాడు" అంటారు, ఆ రోజు ఆ బిడ్డే టీచరు.

లెక్కలు యాడొస్తాయి ఇందులో?

యాడ రావు చెప్పండి. ఇంట్లో పాత సేరు, పావుసేరు, పడి ఉంటే అటక మీద నుంచి దింపండి. నాలుగు పావులు పోస్తే సేరు నిండుతుంది, నాలుగు గిద్దలు పోస్తే సోల నిండుతుంది, బిడ్డ తన చేత్తో పోసి చూసినాక పెద్దయినాక భిన్నాలు చెప్పే టీచరుకి సగం పని తప్పుతుంది. పొడుగు గ్లాసులో బియ్యం వెడల్పు గిన్నెలో పోసి "ఎందులో ఎక్కువ" అని అడగండి, నాలుగేళ్ళోళ్ళు పొడుగు గ్లాసులోనే ఎక్కువ అని ఒట్టేసి చెప్తారు. తప్పని వాదించద్దు, మళ్ళీ పోయనివ్వండి, వాళ్ళకే ఒకరోజు అనుమానం వస్తుంది.

ఆవుల్ని, మేకల్ని దగ్గర్నుంచి చూపించాలంటే తిరుపతిలో యాడికి పోవాలి?

టీటీడీ వాళ్ళ ఎస్వీ గోశాల ఊర్లోనే ఉంది. వెటర్నరీ కాలేజీ 1955 నుంచి ఉన్న ఊరు మనది, వ్యవసాయ కాలేజీ కూడా ఉంది, బడి తరఫున ముందుగా లెటర్ పెట్టి అడిగి చూడండి. అసలు వాటికంటే మీ పాలాయన ఇల్లు మేలు. ఒక్క ఎనుము, ఒక్క దూడ, పాలు పిండే టైం, ఇంతకంటే మూడేళ్ళ బిడ్డకి అక్కర్లేదు. 50 ఆవులు ఒకేసారి చూస్తే చివరికి గుర్తుండేది పేడ ఒక్కటే.

పుంగనూరు ఆవుని మాత్రం కుదిరితే చూపించండి. ఎత్తు మూడడుగులు, అంటే నాలుగేళ్ళోడు నిలబడితే ఇంచుమించు వాడి భుజం దాకా, అందుకే పిలకాయలకి దాన్ని చూస్తే భయం వేయదు. ఆ జాతి మన ఉమ్మడి చిత్తూరు జిల్లాదే, పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో దాన్ని కాపాడుతున్నారు. 2024 సంక్రాంతికి ప్రధాని ఇంట్లో ఈ ఆవులకి మేత పెట్టే ఫోటోలు వచ్చినాక దేశమంతా పేరు తెలిసింది. మా పిలకాయలు ఒకరోజు తాడు తీసుకొని దాని ఎత్తు కొలిచి, బడికొచ్చి ఆ తాడు పక్కన తాము నిలబడి చూసుకున్నారు, లెక్కల పాఠం అట్లా కూడా అయిపోయింది.

దగ్గరికి పోయేటప్పుడు వెనక నుంచి పోకూడదు, దూడ తాగుతా ఉంటే తల్లి దగ్గరికి పోకూడదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగేదాకా నోట్లో ఏమీ పెట్టకూడదు, శానిటైజర్ చాలదు. పిండిన పాలు అక్కడికక్కడ తాగిస్తే మంచిదని కొందరు తాతలు అంటారు, కాచకుండా వద్దు తాతా, తిట్టుకోవద్దు.

పొలానికి ట్రిప్ ఎప్పుడు పెడతారు?

జూన్, జూలైలో విత్తేటప్పుడు ఒకసారి, డిసెంబరు, జనవరిలో ఒకసారి. ఒకేడు మేమే తెలివి తక్కువగా ఏప్రిల్ చివర్లో మామిడితోపుకి తీసుకుపోయినాం, కాయలు ఉంటాయి ఫోటోలు బాగొస్తాయని. బస్సు లేటై పదకొండుకి దిగినాం, ఇద్దరు వాంతులు చేసుకున్నారు, ఒకడు నిద్రపోయినాడు, నా తల ప్రాణం తోకకి వచ్చింది. తిరుపతి ఎండ సంగతి తెలిసీ చేసిన తప్పు అది. ఇప్పుడు ఏ నెల అయినా ఏడుకి బయలుదేరి పదికల్లా వెనక్కి.

పోయేముందు రోజు నేనొక్కదాన్నే పోయి చూసొస్తా. బావికి గోడ ఉందా, నీటి కుంట ఎంత దూరం, మోటారు వైర్లు కింద పడున్నాయా, అడవి పందుల కోసం కరెంటు తీగ కట్టినారా, ఆ వారం పంటకి మందు కొట్టినారా, కుక్క కట్టేసుందా, ఇవన్నీ అడుగుతా. మందు కొట్టిన చేనైతే ఆ ట్రిప్ వాయిదా. నలుగురు పిలకాయలకి ఒక పెద్ద, అంతకంటే తక్కువైతే పోం. బెల్లం గానుగ చూపించమని చాలామంది అడుగుతారు, చిత్తూరు బెల్లం అంటే ఎవరికి నోరూరదు చెప్పండి, గానీ కుతకుతలాడే పెనం పక్కన మూడేళ్ళ బిడ్డల్ని నిలబెట్టే ధైర్యం నాకు లేదు. చెరకు గడ తెచ్చి బడిలో నమిలిస్తాం, పొయ్యి మీద రసం కాచడం దూరం నుంచి చూపిస్తాం.

రైతుకి ఆ పూట కూలి పోతుంది, ఊరికే వచ్చి చేను తొక్కి ఫోటోలు దిగి పోవడం బాగుండదు. ఏదో ఒకటి కొనండి, డబ్బు ఇవ్వండి, మీ ట్రిప్ ఫీజులో అది కూడా ఉంది.

మట్టిలో ఆడితే జలుబు చేస్తుందని మా అత్త ఊరుకోదు.

జలుబు మట్టి వల్ల రాదు, పక్కనోడి ముక్కు వల్ల వస్తుంది. మట్టితో వచ్చేది నులిపురుగులు, వాటిలో కొక్కెపు పురుగు వట్టి కాళ్ళ గుండా కూడా దూరుతుంది, అందుకే చెప్పులు వేయించి ఆడించండి, గోళ్ళు కత్తిరించండి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 జాతీయ నులిపురుగుల దినాలు, అంగన్‌వాడీల్లో, బడుల్లో ఆల్బెండజోల్ మాత్ర ఊరికే వేస్తారు, ఏడాది దాటిన బిడ్డ నుంచే వేస్తారు. కుక్కలు, పిల్లులు మలవిసర్జన చేసే ఇసుక కుప్పలో మాత్రం ఆడించద్దు, మీ వీధిలో ఇల్లు కట్టేచోట పోసినదాన్నే చెప్తున్నా.

మా బాబుకి తడి, మట్టి అంటేనే ఒళ్ళు జలదరిస్తుంది, ఏడుస్తాడు.

బలవంతం వద్దు. గరిటె ఇవ్వండి, బ్రష్ ఇవ్వండి, ముందు పొడి రాగుల్లో చేయి పెట్టనివ్వండి. మా దగ్గర ఒకడు ఆరు నెలలు నీళ్ళ క్యాన్ మాత్రమే పట్టుకున్నాడు, బడికంతా వాడే నీళ్ళాయన. తిండి, బట్టలు, శబ్దాలు అన్నిటికీ అట్లాగే ఉంటే ఒకసారి పిల్లల డాక్టరుకి చెప్పండి.

"కోడిని ఎందుకు కోస్తారు" అని అడిగింది, నేను మాట మార్చేశా. ఏం చెప్పాలి?

మాట మారిస్తే రేపు ఇంకొకరిని అడుగుతుంది. "మనం తినడానికి పెంచుతాం, కొందరు తింటారు, కొందరు తినరు, మన ఇంట్లో ఇట్లా" అని ఒక్క వాక్యం చాలు, నాలుగేళ్ళ బిడ్డ అంతకంటే అడగదు. మాకు ఇది పట్టుపురుగుల దగ్గర వచ్చింది. పలమనేరు, కుప్పం పక్క మల్బరీ తోటలు, పురుగుల షెడ్లు చాలా ఉన్నాయి, మా తమ్ముడి దగ్గర్నుంచి గంపలో ఒక ఇరవై పురుగులు తెచ్చినా. మల్బరీ ఆకు తప్ప ఇంకేమీ తినవు, నాలుగుసార్లు తోలు మార్చుకుంటాయి, చెవి పెట్టి వింటే ఆకు కొరికే చప్పుడు వాన చినుకుల్లాగా వినపడుతుంది. గూడు కట్టినాక "దారం ఎట్లా తీస్తారు మిస్" అన్నారు. వేడినీళ్ళలో వేస్తారు, లోపలి పురుగు చనిపోతుంది అని చెప్పినా. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకమ్మాయి మన గూళ్ళు వేడినీళ్ళలో వేయద్దు అంది, వేయలేదు, రెండు వారాల్లోపే సీతాకోక లాంటి తెల్లటి పురుగులు బయటికొచ్చినాయి, ఎగరలేకపోయినాయి, గుడ్లు పెట్టినాయి. అంతా చూశారు.

సంక్రాంతికి రైతు వేషం వేసి పంపమంటారా?

వేసుకొస్తే వద్దనను. ఏటా అబ్బాయిలందరూ కాటుక మీసం, తలపాగా, అమ్మాయిలందరూ కుండ పట్టుకొని వస్తారు. మా ఊర్లో నాట్లు వేసేది, కలుపు తీసేది, చెనిక్కాయలు పీకి ఒలిచేది ఆడోళ్ళే, అయినా ఒక్క అమ్మాయి కూడా ఎందుకో రైతు వేషం వేయదు. ఈసారి అమ్మాయిలకి కొడవలి అట్టముక్కతో చేసిద్దాం, అబ్బాయిలు కుండ మోయనీ.

పసల పండగ (కనుమ) రోజు కొమ్ములకి రంగు పూయడం, దండ వేయడం చూపించండి, అది బాగుంటుంది. చంద్రగిరి పక్క రంగంపేట పశువుల పండగకి మాత్రం చిన్నపిల్లల్ని తీసుకుపోవద్దు, ఆ జనం మధ్య ఎద్దులు పరిగెత్తుకొస్తాయి, పెద్దోళ్ళకే దెబ్బలు తగులుతాయి.

ఇదంతా ఫారిన్ పద్ధతి కదా, మనకెందుకు?

జర్మనీలో ఫ్రోబెల్ అనే ఆయన 1837లో చిన్నపిల్లల బడి పెట్టి తర్వాత దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టినాడు, ఆ మాటకి అర్థమే పిల్లల తోట, ఒక్కో బిడ్డకి ఒక్కో చిన్న మడి ఇచ్చి పెంచుకోమనేవాడు. ఆ మాటలోంచి మనం కేజీ అనే రెండక్షరాలు ఉంచుకొని మడి తీసేసినాం, ఎల్‌కేజీలో ఇప్పుడు తోట తప్ప అన్నీ ఉన్నాయి. మాంటిస్సోరి బడుల పద్ధతి పెట్టిన ఇటలీ ఆమె మరియా మాంటిస్సోరి కూడా 1939లో మద్రాసుకొచ్చి మన టీచర్లకి శిక్షణ ఇచ్చింది, మనకి అంత దూరమేం కాదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా చిన్నోళ్ళకి ఆటలతోనే నేర్పమంటుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు మన అవ్వ చెరిగితే అది పని, అదే చాటకి ఇంగ్లీషు పేరు పెట్టి డబ్బాలో అమ్మితే యాక్టివిటీ కిట్టు.

మిద్దె మీద పెడితే కోతులు బతకనివ్వడం లేదు, ఏం చేయాలి?

కొండ కింద ఊరు కదా, ఇది అందరి బాధ. మెంతాకు, పుదీనా పెద్దగా ముట్టుకోవు, టమాటా, చెనిక్కాయ అయితే వదలవు. కిటికీ గ్రిల్ లోపల పెట్టుకోండి, బయటే పెట్టాలంటే చేపల వల గట్టిగా లాగి కట్టండి, మేం అట్లాగే చేస్తున్నాం ఇప్పుడు. వల కట్టకముందు ఒకరోజు కోతి బకెట్‌లో మొక్కని కాండం పట్టి ఒక్క లాగు లాగి కింద ఉన్న కాయలన్నీ తెంపుకొని పోయింది, పిలకాయలు కిటికీలోంచి చూస్తా "దానికి కూడా తెలుసు మిస్, కింద కాస్తుందని" అన్నారు.